సైకాలజీ శిక్షణలో ఫీల్డ్ వర్క్ తప్పనిసరి చేయాలా?

వెన్నెల:
మా కోర్సులో ఒక నిబంధన ఉంది. ప్రతి విద్యార్థీ ఒక సెమిస్టరు పాటు శరణార్థుల మధ్యో వలస కుటుంబాల మధ్యో పనిచేయాలి. భిన్న సంస్కృతుల వారికి కౌన్సెలింగ్ చేసే నేర్పు అలాగే వస్తుందట. నాకు మాత్రం గంటలు నింపుకునే తంతులా కనిపిస్తోంది. మీరేమంటారు?

పాతకాపు:
తంతు కాదండీ. శరణార్థుల కేంద్రంలో ఒక పెద్దావిడను ఫారం చూసి అడిగాను: "దిగులుగా ఉంటోందా?" లేదన్నారు. టిక్కు పెట్టాను. లేచి వస్తుంటే దుభాషితో, ఊరు వదిలినప్పటినుంచి గుండెల మీద రాయి ఉన్నట్టుంది అన్నారు. "ఛాతీలో బరువు, డాక్టరుకు చూపించాలి" అని రాసుకొచ్చాను. మా సూపర్‌వైజరు ఎర్రపెన్నుతో కొట్టేసి, "ఆ రాయి ఎందుకొచ్చిందని ఆవిడ అనుకుంటున్నారో అడిగావా?" అన్నారు. బాధను మనిషి సొంత మాటల్లో చెప్పించడానికి మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికా పుస్తకం డీఎస్‌ఎం-5లో (2013లో వచ్చింది) 16 ప్రశ్నలున్నాయి. అవి నాకు కంఠతా వచ్చు. అక్కడ ఒక్కటీ నోటికి రాలేదు.

సందేహి:
మీకు నేర్పింది ఆ కేంద్రమా, ఎర్రపెన్నా? అది లేకపోతే తప్పు అభిప్రాయంతోనే ఇంటికెళ్ళేవారు, అదీ స్వయంగా చూసి వచ్చాననే ధీమాతో. పరిచయంతో దురభిమానం తగ్గాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, పైవారి మద్దతు ఉండాలని సైకాలజిస్టు గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పారు. ఫారం పట్టుకున్నవారికీ జవాబు చెప్పేవారికీ సమాన హోదా ఎక్కడిది?

పాతకాపు:
ఎర్రపెన్ను సంగతి ఒప్పుకుంటాను. తర్వాత ఇంకోచోట ఫారాలు లేవు. అక్కడివాళ్ళు చెప్పిన పనే చేశాం: కుర్చీలు సర్దడం, పిల్లల చేత హోంవర్కు చేయించడం. మూడో నెలలో గానీ ఎవరూ మనసు విప్పలేదు. సంస్కృతిని 'వచ్చేసిన విద్య' అనుకోవద్దు, జీవితాంతం వినయంగా నేర్చుకోవాలి, అధికారంలోని తేడాను సరిచేయాలి అని టెర్వలాన్, మర్రే-గార్సియా అనే ఇద్దరు డాక్టర్లు 1998లో రాసింది అప్పుడు బుర్రకెక్కింది. మా మార్కుల్లో సగం అక్కడివాళ్ళే వేయాలని అడిగాం. డిగ్రీ లేనివాళ్ళు మార్కులు వేయడమేమిటని విభాగం కొట్టిపారేసింది.

నేనూ విద్యార్థినే:
మీరంతా 'అక్కడివాళ్ళు' అంటున్నారే, నేను అక్కడిదాన్నే. ఆ సెమిస్టరు వస్తే క్లాసంతా నావైపు తిరుగుతుంది. దుభాషిని నేనే, వాళ్ళ సందేహాలు తీర్చేదీ నేనే. ఆ గంటలు ఎవరూ లెక్కపెట్టరు. నన్ను పంపిందీ మా వాళ్ళ దగ్గరికే. బాగా డబ్బున్న కుటుంబాల మధ్యకు పంపమంటే నవ్వారు. నాకు పరాయి సంస్కృతి అదే కదా!

వెన్నెల:
ఇది నాకు తట్టనే లేదు. తప్పనిసరి చేయాలా అని అడిగానే గానీ, ఎవరిని ఎక్కడికి పంపుతున్నారో ఆలోచించలేదు.

సందేహి:
పాతకాపు గారూ, ఇంతకీ ఆ పెద్దావిడ సంగతి?

పాతకాపు:
మరుసటి వారం నా గంటలు పూర్తయ్యాయి. నా స్థానంలో ఇంకో విద్యార్థి వెళ్ళాడు. మళ్ళీ మొదటి పేజీ నుంచి అదే ఫారం.