నాలుగోసారి పంచరు, బరంపురం ఇంకా ఇరవై కిలోమీటర్ల పైనే ఉంది. ఏం చెయ్యాలి?

మహేంద్రతనయ (మధ్యాహ్నం 1:52)
పదకొండున్నర నుంచీ ఇదే గోల. మూడుసార్లు అతుకేయించాను, ఇది నాలుగోది. టైరులో చెయ్యి పెట్టి మొత్తం తడిమాను. ముల్లూ లేదు, మేకూ లేదు. గాలి మాత్రం అరగంట కూడా నిలబడట్లేదు. టైరు కొత్తది, ట్యూబు కొత్తది. షాపాయన "ట్యూబు మంచిది కాదు" అంటాడు తప్ప ఇంకేం చెప్పడు. బైక్ మీద ఒక్కడినే దూరం రావడం ఇదే మొదటిసారి. పొద్దున్న 5:30కి పర్లాకిమిడిలో బయల్దేరి టెక్కలి, పలాస మీదుగా వచ్చాను. రాత్రికి బరంపురం చేరాలి, ఎల్లుండి తిరుగు ప్రయాణం. తెలిసినవాళ్ళు చెప్పండి, బుర్ర పనిచెయ్యట్లేదు.

సోరడా చెరువు (1:58)
కొత్త టైరంటే ట్యూబ్‌లెస్సే అయ్యుంటది. దాన్లో ట్యూబెందుకు ఏయించావు బాబూ? లోపలి గరుకుకి ట్యూబు రాసుకుని వేడెక్కి పోద్ది. ట్యూబు తీయించేసి టైరు చిల్లులోనే రబ్బరు పుల్ల పెట్టించు. ఐదు నిమిషాల పని.

నాలుగో గేరు (2:01)
సైకిలా, మోటారు సైకిలా? ఏ చక్రం? చిల్లు ట్యూబుకి ఏ వైపు?

మహేంద్రతనయ (2:04)
సైకిలండీ, గేరు సైకిలు. వెనక చక్రం. ఏ వైపంటే అర్థం కాలేదు, చిల్లు ట్యూబుకే పడింది.

సోరడా చెరువు (2:06)
మరి బైక్ అని రాస్తావేటి? సైకిలంటే సైకిలని రాయాల. పుల్ల సంగతి వదిలెయ్.

రెండొందల పైన (2:11)
సైకిలు తొక్కేవాళ్ళు బైక్ అనే అంటారండీ, అందులో తప్పేమీ లేదు. అసలు సర్దుకోవాల్సింది "దూరం" అన్న మాట. పర్లాకిమిడి నుంచి బరంపురం హైవే మీద సుమారు 150. బ్రెవేల (గడువులోపు పూర్తిచెయ్యాల్సిన దూరపు సైకిలు ప్రయాణాల) లెక్కలో దూరం 200 దగ్గర మొదలవుతుంది. 200కి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. ఆగినా, తిన్నా, పంచరు వేసుకున్నా అంతా ఆ గడియారంలోనే. "ఒక్కడినే" అన్నదానికీ అర్థం ఉంది. దారిలో షాపుల్లో కొనుక్కోవచ్చు, చేయించుకోవచ్చు. వెంట బండి మాత్రం రాకూడదు. ఎవరికైనా ఫోన్ చేసి ట్యూబు తెప్పించుకుంటే దాన్ని ఒంటరి ప్రయాణం అనరు.

నాలుగో గేరు (2:12)
అతనికి ట్యూబులో గాలి లేదు.

ఉప్పుకల్లు (2:20)
తమ్ముడూ, "బుర్ర పనిచెయ్యట్లేదు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నీళ్ళు ఎన్ని తాగావు? ఎండలో తొక్కుతున్నప్పుడు గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు పోవాలి లోపలికి. ఉత్త నీళ్ళే గటగటా తాగితే ఒంట్లో ఉప్పు పలచనై తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, చిన్న లెక్క కూడా తెగదు. లీటరుకని రాసున్న ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఒకటి *మొత్తం లీటరు* నీళ్ళలో కలపాలి. చాలామంది అర లీటరు సీసాలోకే మొత్తం ఒంపేస్తారు. అది చిక్కనై కడుపులో తిప్పుతుంది, దాహం ఇంకా పెరుగుతుంది. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్ళకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి, గోపురంలా కాదు. పగలు ఏదైనా తిన్నావా? మన వైపు తరవాణి అన్నం, అటు ఒడియా వాళ్ళ పఖాళ (నీళ్ళలో నానబెట్టిన అన్నం) ఇలాంటి రోజుకి ఏ ఖరీదైన పొడికీ తీసిపోవు. చలికాలమే కదా అనుకోకు. చల్లగాలికి చెమట వెంటనే ఆరిపోయి, పోయిన నీళ్ళు ఎన్నో తెలియవు.

మహేంద్రతనయ (2:24)
తాగుతున్నాను బాబాయ్. పంచరు సంగతి ఎవరైనా చెప్తారా?

ఫ్రీవీలు (2:31)
చెప్తాను, కానీ ముందు నువ్వు చూసి చెప్పాలి. చిల్లు ఎక్కడుందో చూడకుండా ఎన్ని అతుకులేసినా దండగే.

ట్యూబు బయటికి తీసి, వాల్వు పైకి వచ్చేలా పట్టుకో. వాల్వు మొలిచిన వైపు చక్రం లోపలి వైపు, అంటే రిమ్ము మీద కూర్చునేది. దానికి ఎదురు వైపు టైరుకి తగిలేది. గాలి కొట్టి బకెట్లో ముంచి, బుడగ ఏ వైపు నుంచి వస్తోందో చూడు.

టైరు వైపు ఒక్క చిల్లే ఉంటే ముల్లో, లారీ టైరు తీగో. టెక్కలి దాటాక రోడ్డు అంచున పేలిన లారీ టైర్ల ముక్కలు పడుంటాయి, వాటిలోంచి వెంట్రుకంత ఉక్కు తీగలు లేస్తాయి. వేలికి తగలవు. దూది ముద్ద టైరు లోపల చుట్టూ తిప్పితే తీగ ఉన్నచోట పట్టుకుంటుంది.

పక్కపక్కనే రెండు చిల్లులు పాము కాటులా ఉంటే గాలి తక్కువై, గుంతలో పడ్డప్పుడు రిమ్ము అంచు నొక్కేసింది. వాల్వు మొదట్లో చిరిగితే ట్యూబు టైరులో జరిగిపోతోంది, లేదా వాల్వు కన్నం పెద్దదై వాల్వు ఊగుతోంది.

ఇవేవీ కాక చిల్లు లోపలి వైపే ఉంటే తప్పు టైరుదీ కాదు, ట్యూబుదీ కాదు.

టైరు అంచు మీద అంకెలు, నీ బరువు, వెనక సామాను బరువు, గాలి ఎంత కొట్టించావు, అన్నీ రాయి. ఇప్పుడు ఎక్కడున్నావో కూడా ఇంతవరకు చెప్పలేదు.

మహేంద్రతనయ (2:52)
గిరిసోల చెక్‌గేటు దాటి కొంచెం ముందు. టైరు 700×32. నేను 68 కిలోలు, వెనక క్యారియరు మీద సంచీ 12 ఉంటుంది. గాలి లారీల షాపులో కొట్టించాను, రాయిలా ఉంది. ఎంతో మీటరులో చూడలేదు. ట్యూబు మీద అతుకులన్నీ వాల్వు ఉన్న వైపే ఉన్నాయి! ఇప్పుడు కారేది కూడా అటే, ఒక అతుకు పక్కనుంచి.

తప్తపాణి మలుపు (2:55)
హైవే మీద ఎందుకు వచ్చావు అసలు? మోహన మీదుగా చంద్రగిరి, తప్తపాణి, దిగపహండి దారిన రావాల్సింది. లారీలూ తక్కువ, తీగలూ తక్కువ, జిరాంగ్‌లో టిబెట్ వాళ్ళ మఠం కూడా చూసుకోవచ్చు. తిరుగు ప్రయాణమైనా అటు పెట్టుకో.

ఫ్రీవీలు (3:03)
మహేంద్రతనయ, అతుకుల మధ్య దూరం కొలిచి చెప్పు. స్కేలు లేకపోతే జానతో కొలువు.

మలుపు గారూ, మీ తప్తపాణి ఘాటు (కొండ దారి) సంగతి తర్వాత. అతని చక్రంలో నేను అనుకుంటున్నదే ఉంటే, ఘాటు దిగేటప్పుడు బ్రేకు వేడికి అది ఇంకా ముదురుతుంది.

మహేంద్రతనయ (3:10)
రెండింటి మధ్య ఆరు సెంటీమీటర్లు. ఇంకొకటి ఇంకాస్త దూరంలో, పన్నెండు ఉండొచ్చు.

నాలుగో గేరు (3:11)
రిమ్ టేపు.

ఫ్రీవీలు (3:24)
అదే. 32 పుల్లల (స్పోకుల) చక్రంలో పుల్లల కన్నాల మధ్య దూరం సుమారు ఆరు సెంటీమీటర్లు. నీ చిల్లులు ఆరు, పన్నెండు అంటున్నాయంటే ట్యూబు ఆ కన్నాల్లోకి దిగి తెగుతోంది. కన్నాల్ని కప్పే పట్టీ సన్నదై పక్కకి జరిగుండాలి, లేదా ప్లాస్టిక్ పట్టీ వేడికి మెత్తబడి కన్నంలోకి గుంట పడుండాలి. రాయిలా గాలి కొట్టించడం దానికి తోడైంది. లారీ కంప్రెసరుకి సైకిలు ట్యూబు ఒక గుక్క. రెండు సెకన్లు ఎక్కువ పట్టుకుంటే వంద దాటిపోతుంది. అతుకు కూడా సరిగ్గా కన్నం మీదే కూర్చుంటే అదీ లోపలికి కుంగి, అంచు లేచి కారుతుంది. షాపాయన మీద కోపం పెట్టుకోకు. అతుకు బాగానే వేశాడు, చోటు మంచిది కాదు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇదీ.

దగ్గర్లో మందుల షాపుంటే గుడ్డ ప్లాస్టరు చుట్ట అడుగు. కట్లు కట్టేది, అంగుళం వెడల్పుది, కనీసం ఐదు మీటర్లుండాలి. నీ రిమ్ము చుట్టూ ఒక వరస రెండు మీటర్లకి కాస్త తక్కువ పడుతుంది. రెండు వరసలు కావాలి. వెడల్పు రిమ్ము లోపలి పల్లానికి సరిపోవాలి, అంచులు ఎక్కకూడదు. ఎక్కితే టైరు సరిగ్గా కూర్చోదు. అంగుళం ఎక్కువైతే ఆ ప్లాస్టరు చేత్తోనే నిలువునా చీలుతుంది.

పాత పట్టీ పీకెయ్. రిమ్ము పల్లం పొడి గుడ్డతో తుడువు. తడీ జిడ్డూ ఉంటే అంటదు. వాల్వు కన్నం పక్క నుంచి మొదలుపెట్టి గట్టిగా లాగుతూ అంటించు, ప్రతి కన్నం దగ్గరా బొటనవేలితో నొక్కు. చివర వేలెడు మేర ఒకదాని మీద ఒకటి రావాలి. వాల్వు కన్నం దగ్గర మేకు కాల్చి పొడిస్తే పోగులు లేవవు.

ప్లాస్టరు దొరక్కపోతే షాపులో పడేసిన పెద్ద సైకిలు ట్యూబు, 28 అంగుళాలది, అడుగు. దాన్ని వాల్వు ఉన్న వైపు నిలువునా కత్తిరిస్తే పట్టీ వస్తుంది. వాల్వు కోసేస్తే ఆ కన్నం అక్కడే దొరుకుతుంది. చుట్టుకొలత నీ రిమ్ముకి దాదాపు సరిపోతుంది.

ట్యూబుకి కొత్త అతుకు వేసేటప్పుడు ఉప్పుకాగితంతో గరుకు చేసి, సొల్యూషన్ పలచగా రాసి, మెరుపు పోయేదాకా ఆగాలి. నాలుగైదు నిమిషాలు. తడిగా ఉండగానే అతికిస్తే జారిపోతుంది. మోటారు సైకిళ్ళకి వేసే వేడి అతుకు వద్దు, నీ సన్న ట్యూబు పక్కన ముడత పడుతుంది.

గాలి వెనక 70, ముందు 55. టైరు మీద రాసిన గరిష్ఠం దాటొద్దు.

రెండొందల పైన (3:29)
70 ఏమిటి? పాయింట్లా, పౌండ్లా? కొలమానం రాయకుండా అంకె వేస్తే ఎలా?

ఫ్రీవీలు (3:31)
పీఎస్ఐ. షాపులో పాయింట్లంటారు, పౌండ్లంటారు, మూడూ ఒకటే మీటరు. 70 అంటే బార్‌లో 5కి కాస్త తక్కువ.

సోరడా చెరువు (3:33)
పట్టీ అనేకంటే ఫ్లాప్ అంటే షాపోడికి తెలుస్తది. రిమ్ టేపంటే బిక్కమొగం ఏస్తాడు.

ఫ్రీవీలు (3:34)
ఫ్లాపు లారీకి, సోరడా గారూ. అడిగితే లారీదే తెచ్చిస్తాడు.

తప్తపాణి మలుపు (3:40)
ఘాటులో వేడెక్కుతుందన్నారు. అందరూ దిగుతూనే ఉన్నారు కదా?

ఫ్రీవీలు (3:47)
దిగుతారు. రిమ్ము పట్టే బ్రేకు, వెనక 12 కిలోలు, ఎడతెగని దిగుడు. ఈ మూడూ కలిస్తే రిమ్ము చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. బ్రేకు అలా పట్టుకునే ఉండకూడదు. గట్టిగా పట్టి వేగం తగ్గించి వదిలెయ్యాలి, ముందూ వెనకా మార్చుకుంటూ. ప్లాస్టరు పట్టీతో మొదటి ప్రయాణంలోనే తప్తపాణి దిగమని నేను చెప్పను. పైగా డిసెంబరులో గాలి ఈశాన్యం నుంచి. వచ్చేటప్పుడు ఎదురుగాలి తిన్నాడు, హైవే మీదే తిరిగెళ్తే అదే గాలి వెనక నుంచి తోస్తుంది.

తప్తపాణి మలుపు (3:50)
గాలి కోసం అంత అందమైన రోడ్డు వదులుకుంటారా?

ఉప్పుకల్లు (3:58)
తమ్ముడూ, లైటుందా? ఇప్పుడు నాలుగవుతోంది. ఈ నెలలో ఇక్కడ ఐదుంబావుకల్లా పొద్దు కూకిపోతుంది. అది ఎవరూ అడగలేదు.

మహేంద్రతనయ (4:09)
ముందుది ఉంది. వెనకది లేదు, పగలే చేరిపోతాననుకున్నాను. ప్లాస్టరు దొరికింది. పట్టీ తీస్తే నీలం ప్లాస్టిక్‌ది, ఒక పక్కకి నలిగి ఉంది, నాలుగు కన్నాలు సగం తెరుచుకుని కనబడుతున్నాయి. ఇన్ని గంటలు దాని మీదే కూర్చున్నాను.

ఫ్రీవీలు (4:13)
చుట్టు. తొందరపడకు. టైరు ఎక్కించాక రెండు పక్కలా నొక్కి, ట్యూబు అంచు కింద ఇరుక్కోలేదని చూసుకో. ముందు 20 కొట్టి చక్రం తిప్పు. టైరు అంచు గీత చుట్టూ ఒకే ఎత్తులో ఉంటేనే మిగతా గాలి. టైరు మీద పేరు వాల్వుకి ఎదురుగా పెట్టు. మళ్ళీ పంచరైతే ట్యూబు మీది చిల్లుని బట్టి టైరులో చోటు వెంటనే తెలుస్తుంది.

వెనక లైటు లేకుండా హైవే ఎక్కొద్దు. షాపులో ఎర్ర రేడియం స్టిక్కరు, లారీల వెనక అంటించేది, జానెడు ముక్క అడుగు. సంచీకీ, వెనక మడ్‌గార్డుకీ అంటించు. కానీ అది లారీ దీపం పడితేనే మెరుస్తుంది, లైటు కాదు. చిన్న ఎర్ర లైటు ఏదో ఒకటి కొనాలి. కదలకుండా వెలిగేలా పెట్టు. ఊరికే మినుకుతుంటే వెనక వచ్చేవాడికి ఎంత దూరంలో ఉన్నావో అంచనా అందదు. సర్వీసు రోడ్డున్నచోట అందులోనే వెళ్ళు.

సోరడా చెరువు (4:20)
లైటు దొరక్కపోతే ఆటోలో ఏసుకుని పో బాబూ. సిగ్గేం లేదు.

రెండొందల పైన (4:22)
ఆటో ఎక్కితే పూర్తి చేసినట్టు కాదు.

నాలుగో గేరు (4:22)
లారీ గుద్దితే కూడా కాదు.

మహేంద్రతనయ (రాత్రి 7:05)
చేరాను, 6:40కి. లైటు దొరికింది. గాలి నిలిచింది, వాల్వు దగ్గర మాత్రం చిన్నగా సుయ్యిమంటోంది, రేపు చూస్తా. థాంక్స్ అందరికీ.

నాలుగో గేరు (7:09)
వాల్వు లోపలి పిన్ను వదులు. ఉమ్మి రాసి చూడు, బుడగ వస్తే బిగించు.

తప్తపాణి మలుపు (7:15)
రేపు ఖాళీయే కదా, గోపాలపురం సముద్రం పదహారు కిలోమీటర్లే. సంచీ లేకుండా వెళ్ళి పట్టీ పరీక్షించుకో. ఎల్లుండి ఘాటు గురించి మళ్ళీ మాట్లాడదాం.

రెండొందల పైన (7:31)
5:30 నుంచి 6:40. అంటే పదమూడు గంటల పది నిమిషాలు. 150కి.