మొదటిసారి పెద్ద జంతువు: నెల్లూరు పొట్టేలుని నిలబెట్టాలి, చెవి దగ్గర వెంట్రుక ఊడుతోంది

జోడిపి (రెడ్‌హిల్స్, చెన్నై):
ట్యాక్సిడెర్మీలో, అంటే చనిపోయిన జంతువు తోలుని పాడవకుండా చేసి బతికున్నట్టు నిలబెట్టే పనిలో, ఇప్పటిదాకా కోళ్ళు, రెండు కుందేళ్ళు మాత్రమే చేశాను. పదకొండేళ్ళు మా ఇంట్లో పెరిగిన నెల్లూరు జోడిపి రకం పొట్టేలు మొన్న రాత్రి ముసలితనంతో పోయింది. పశువుల డాక్టర్ వచ్చి చూసి, అంటుజబ్బేమీ లేదన్నాకే తోలు తీసి ఉప్పు పట్టించాను. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ మూతి చుట్టూ నల్లమచ్చలు, అవి అలాగే నిలవాలని నా ఆశ. ఇవాళ చెవి మొదట్లో వెంట్రుక పట్టుకుంటే చేతికి వస్తోంది, టెన్షన్‌గా ఉంది. కుందేలుకి బోరాక్స్ సరిపోయింది, దీనికి చాలదా? తోలు లోపల పెట్టే ఫామ్ (ఒంటి ఆకారపు అచ్చు) ఎక్కడ దొరుకుతుంది?

దబ్బనం:
ముందు చెవి సంగతి చూడండి. లోపలి మెత్తటి ఎముక తీయకుండా వదిలేశారా? అది ఉంటే ఉప్పు లోపలికి అందదు, కుళ్ళు అక్కడే మొదలవుతుంది. చెవిని కొసదాకా తిరగేసి అది తీసేయండి, పెదాలు, కనురెప్పలు, ముక్కు కూడా లోపలివైపు నుంచి చీల్చి పలచన చేయండి. తడిసిన ఉప్పు దులిపేసి కొత్త సన్న ఉప్పు రుద్ది, నీళ్ళు కారిపోయేలా ఏటవాలు చెక్క మీద పరిచి ఫ్యాన్ పెట్టండి. ఎండలో మాత్రం వద్దు.

బోరాక్స్ తోలుని పదును చేయదండీ, అంటే కుళ్ళకుండా నిలిచే తోలుగా మార్చదు. ఇంత మందం మెడ తోలుకి పికిల్ (ఉప్పు, ఆమ్లం కలిపిన నీళ్ళలో నానబెట్టడం) తప్పదు, పీహెచ్ 2.5 దాటనివ్వకండి, అందులో ఉప్పు తగ్గితే ఆమ్లానికి తోలు ఉబ్బిపోతుంది. తర్వాత గీకి పలచన చేసి, వంటసోడా నీళ్ళతో ఆమ్లం విరిచి, అప్పుడు పదును మందు, నూనె. పెరియమేట్‌లో తోలు సరుకు అమ్మేవాళ్ళని అడిగి చూడండి.

గాజుకన్ను (బెంగళూరు):
ఫామ్ కోసం వెతక్కండి, మీరే చేసుకోండి. మైసూరులో వాన్ ఇంగెన్ అనే ట్యాక్సిడెర్మీ సంస్థ వాళ్ళు పులులకి కాగితపు గుజ్జుతోనే చేసేవారు. పుర్రె, కాళ్ళ ఎముకలు పారేయకండి, వాటికి ఇనుప చువ్వలు కట్టి చెక్క తురుము బిగించి చుడితే కాలి పొడవులో తేడా రాదు. కంటి కొస నుంచి ముక్కుకి, మెడ చుట్టుకొలత రాసుకున్నారా?

నాకు బాగా తెలిసిన తప్పు కళ్ళు. గొర్రెకి కనుపాప అడ్డంగా ఉంటుంది, తల వంచినా అది నేలకి సమాంతరంగానే నిలుస్తుంది. గుండ్రటి పాప ఉన్న కన్ను పెడితే అది మీ పొట్టేలు కాదు, ఇంకేదో. పాత ఫోటోలు దగ్గర పెట్టుకుని, ఎగ్మూరు మ్యూజియంలో జంతువుల కనురెప్పలు ఎలా కూర్చారో ఒకసారి చూసి రండి.

జోడిపి:
కొలతలన్నీ ఉన్నాయి, ఫోటోలైతే లెక్కలేనన్ని. చెవి ఎముక నిజంగానే వదిలేశానన్నా, ఇప్పుడే తీశాను. ఎడమ చెవి బాగుంది, కుడి చెవి మొదట్లో రూపాయి బిళ్ళంత మేర వెంట్రుక పోయింది. ఏమైనా చేయొచ్చా?

దబ్బనం:
ఊడిన వెంట్రుక మళ్ళీ అతకదు. పదునయ్యాక చంక కింది తోలు అంతే ముక్క కోసి, వెంట్రుక పడిన దిక్కు కలిపి అక్కడ కుట్టండి. రేపు ఉప్పు మార్చాక ఫోటో పెట్టండి.