యారో లేని గ్రీన్‌లో లెఫ్ట్: కూడలి మధ్యకు వెళ్లి ఆగాలా, గీత వెనకే ఉండాలా?

నాలుగురోడ్లు:
అమెరికాలో బండి నడిపేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని వాదన ఇది. ఇక్కడ రోడ్డుకు కుడివైపు నడుపుతాం కాబట్టి, లెఫ్ట్ తిరగాలంటే ఎదురొచ్చే బండ్ల దారికి అడ్డంగా పోవాలి. లెఫ్ట్ యారో లేదు, గుండ్రటి గ్రీన్ ఒక్కటే వెలిగింది, ఎదురుగా బండ్లు వరసగా వస్తున్నాయి. స్టాప్ లైన్ దాటి కూడలిలో ఆగాలా, గీత వెనకే ఆగాలా? నేను గీత వెనకే అంటాను. మధ్యలో నిలబడ్డాక ఎల్లో పడితే వెనక్కి రాలేం, ముందుకు పోలేం. పైగా కాలిఫోర్నియా వెహికల్ కోడ్ 22526 కూడలిని అడ్డగించొద్దనే చెబుతోంది. 2010 నాటి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) నివేదిక చూడండి: కూడలి ప్రమాదాల్లో దాదాపు 22 శాతం లెఫ్ట్ తిరుగుతుండగా జరిగినవి, రైట్ తిరుగుతూ జరిగినవి 1 శాతం పైచిలుకే. ఇంత ప్రమాదమున్న చోటికి ముందే వెళ్లి నిలబడటం దేనికి?

పచ్చయారో:
22526ను మొత్తం చదవండి నాలుగురోడ్లు గారూ. అది అడిగేది ఒక్కటే: అవతల మీ బండి పట్టే చోటుందా? మీరు తిరగబోయే రోడ్డు నిండిపోయి ఉంటే గ్రీన్ ఉన్నా గీత దాటకూడదు. ఆ రోడ్డు ఖాళీగా ఉండి, ఎదురొచ్చే బండ్ల కోసమే ఆగుతుంటే ఆ సెక్షన్‌తో పనిలేదు. అప్పుడు వర్తించేది అదే కోడ్‌లోని 21801. ప్రమాదమయ్యేంత దగ్గర్లో ఉన్న ఎదుటి బండ్లకు దారివ్వమంటుంది తప్ప గీత వెనకే ఉండి ఇవ్వమనదు.

ఇక రెడ్ పడితే? 21451 ప్రకారం కొత్తగా గ్రీన్ వచ్చినవాళ్లు, కూడలిలో అప్పటికే చట్టబద్ధంగా ఉన్న బండ్లకు దారివ్వాలి. గ్రీన్‌లో లోపలికొచ్చి రెడ్‌లో మలుపు పూర్తిచేస్తే రెడ్ దాటినట్టు కాదు. రెడ్ కెమెరా కూడా రెడ్ పడ్డాక గీత దాటిన బండినే పట్టుకుంటుంది.

రద్దీ వేళ లెక్క కూడా చూడండి. సిగ్నల్ చక్రం 90 సెకన్లయితే గంటకు 40 సార్లు తిరుగుతుంది. ఎదురు బండ్ల మధ్య సందే దొరకని వేళల్లో గ్రీన్ చివర ఒక్కో బండి తిరిగినా గంటకు 40 బండ్లు. గీత వెనకే అందరూ ఆగితే ఒక్కటీ కదలదు, వెనకున్నవాళ్లు విసిగి చిన్న సందులోకి దూరతారు. అసలు ప్రమాదం అక్కడుంది.

కంట్రోలర్:
సిగ్నల్ టైమింగ్ వైపు నుంచి ఒక మాట. ఇద్దరూ ఎల్లో గురించి ఒకటే అనుకుంటున్నారు: నాకు ఎల్లో పడితే ఎదుటివాళ్లకూ పడిందని. అన్నిచోట్లా అలా ఉండదు. కొన్ని కూడళ్లలో ఎదుటివైపు లెఫ్ట్ యారో చివర్లో ఇస్తారు. అప్పుడు మీ వైపు ఎల్లో, ఆపై రెడ్ పడుతుంది. ఎదుటివైపు నేరుగా వచ్చేవాళ్లకు మాత్రం గ్రీన్ అలాగే ఉంటుంది. వాళ్లూ ఆగుతారనుకుని మీరు తిప్పితే నేరుగా పక్కకు గుద్దేస్తారు. దీన్నే ఎల్లో ట్రాప్ అంటారు. 2009 ఎంయూటీసీడీలో (అమెరికా ట్రాఫిక్ సిగ్నళ్లు, గుర్తుల ప్రమాణాల పుస్తకం) చేర్చిన, ఎదుటివాళ్లకు దారిచ్చి తిరగమని చెప్పే ఆరివెలిగే ఎల్లో యారో ఈ చిక్కును చాలావరకు తీర్చింది. ఆ యారో మీ పక్క లేన్ల లైటును కాకుండా ఎదుటివాళ్ల లైటును బట్టి నడుస్తుంది.

కాబట్టి మధ్యలో ఉన్నప్పుడు మీ లైటును నమ్మి తిప్పొద్దు. ఎదుటి బండి బ్రేకు పడి ముక్కు కిందికి వంగిందా, అన్ని లేన్లలోనూ ఆగాయా చూసుకోవాలి. ఒక లేన్‌లో ఆగిన బండి పక్క లేన్‌లో వచ్చేదాన్ని కప్పేస్తుంది.

ఇంకో విషయం. బండిని గుర్తించే లూప్ (తీగచుట్ట) సాధారణంగా గీతకు వెనకే, రోడ్డులో పాతి ఉంటుంది. లెఫ్ట్ యారో కూడా ఉన్న సిగ్నల్‌లో మీ వెనక ఎవరూ లేకుండా ముందుకు జరిగితే, చాలాచోట్ల యారో కోసం లూప్ పంపిన మీ పిలుపు రద్దవుతుంది, యారో రాదు. అలాంటి చోట ఒక్కరే ఉంటే గీత దగ్గరే ఆగడం లాభం.

నాలుగురోడ్లు:
చట్టం విషయంలో పచ్చయారో గారి మాటే సరి. కానీ కంట్రోలర్ గారు చెప్పిన ట్రాప్ నా భయాన్నే బలపరుస్తోంది. కొత్తగా నేర్చుకునేవాడికి అంత చూసి తేల్చుకునే ఓపిక ఉంటుందా? రెండో బండి కూడా వెనకాలే జొరబడుతుంది, అదీ చూస్తున్నాం.

పచ్చయారో:
రెండో బండి విషయంలో మీతోనే ఉన్నాను. మామూలు కూడలిలో ఒక్కటే. రెండోది గీత వెనకే.

కొత్తవాళ్లకు నేర్పాల్సింది ఎలా ఆగాలన్నది. 100 అడుగుల ముందే లెఫ్ట్ ఇండికేటర్ వేయాలి. తిరగబోయే రోడ్డు మధ్య గీత కూడలిలోకి సాగినట్టు ఊహించుకుని, దానికి కాస్త ఇవతలే బండి ముక్కు ఆపాలి. మరీ ముందే తిప్పితే అక్కడ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న బండ్ల మూల కోసుకుంటూ పోతారు. చక్రాలు తిన్నగా ఉండాలి. ముందే ఎడమకు తిప్పి పెడితే వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు నేరుగా ఎదురు ట్రాఫిక్‌లోకి పడతారు. కాలిఫోర్నియా డీఎంవీ (లైసెన్సులిచ్చే శాఖ) పుస్తకంలోనూ ఇదే ఉంది.

సందు కొలత: రోడ్డు డిజైన్ లెక్కల్లో ఒక ఎదురు లేన్ దాటడానికి కారుకు 5.5 సెకన్లు, అదనంగా ఒక్కో లేన్‌కు మరో అర సెకను. రెండు లేన్లు, 45 మైళ్ల వేగమైతే 6 సెకన్లు, అంటే దాదాపు 400 అడుగులు. రాత్రి రెండు హెడ్‌లైట్లు దగ్గరగా కనిపిస్తే దూరంగా ఉన్న కారనుకోవద్దు, మోటార్‌సైకిల్ అయ్యుండొచ్చు.

పెద్దబండి:
వాన్, ట్రక్ నడిపేవాళ్లకు ఈ కొలతలు చాలవు. పొడవైన బండి మధ్యలో ఆగితే తోక క్రాస్‌వాక్ (నడిచేవాళ్లు రోడ్డు దాటే చోటు) మీదే ఉంటుంది. వాళ్లు గీత వెనకే ఆగాలి.

ఎవరూ అనని మాట ఒకటుంది: నడిచేవాళ్లు. మీకు గ్రీన్ ఉన్నప్పుడే మీరు తిరగబోయే రోడ్డు దాటేవాళ్లకూ నడక సిగ్నల్ ఉంటుంది. సందు దొరికిన ఆనందంలో కళ్లన్నీ ఎదురు బండ్ల మీదే ఉంటాయి, ముందు అద్దానికి ఎడమ పక్కనుండే స్తంభం వాళ్లను దాచేస్తుంది. స్టీరింగ్ తిప్పే ముందు ముందుకు వంగి ఆ స్తంభం అవతలికి చూడాలి. క్రాస్‌వాక్‌లో మనిషుంటే, ఎంత మంచి సందైనా వదిలేయాలి. ఎందుకంటే తిప్పాక నడిచేవాళ్ల కోసం ఆగితే, బండి వెనక సగం ఎదురు లేన్లో ఉండిపోతుంది.

నాలుగురోడ్లు:
ఇది నేను ఆలోచించలేదు. అవతల చోటుండాలి, ఒక్క బండే వెళ్లాలి, క్రాస్‌వాక్ ఖాళీగా కనిపించాలి. ఈ మూడూ ఉంటే మధ్యకు వెళ్లడాన్ని కాదనను. ఏ ఒక్కటి తెలియకపోయినా నేర్చుకునేవాళ్లకు గీత వెనకే అని చెబుతాను.