తెలుగు పదాల లెక్కకు సమతుల వృక్షమా, హ్యాష్ ట్రైయా?

అక్షరమాల (చర్చ ప్రారంభం)

తెలుగు వికీపీడియా పాఠ్యంలో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ప్రోగ్రామును హాస్కెల్ అనే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్నాము. పదమే కీ, దాని సంఖ్య విలువ. విభక్తులూ సంధులూ కలిసి మన భాషలో ఒక్కో మాటకు పదుల రూపాలు పుట్టిస్తాయి కనుక భిన్న పదాలు లక్షల్లో తేలతాయి. ఇప్పటివరకు కంటైనర్స్ లైబ్రరీలోని డేటా.మ్యాప్ వాడుతున్నాము, అది కీలను క్రమంలో ఉంచే సమతుల ద్విశాఖ వృక్షం. దాన్ని తీసేసి అనార్డర్డ్ కంటైనర్స్‌లోని హ్యాష్‌మ్యాప్ (కీ నుంచి లెక్కకట్టిన హ్యాష్ అనే సంఖ్య ముక్కలను బట్టి దారి పట్టే వృక్షం, అంటే హ్యాష్ ట్రై) పెట్టాలని జట్టులో ఒకరు పట్టుబడుతున్నారు. వృక్షాన్నే ఉంచాలని నా వాదన. దానికి హ్యాష్ ఫంక్షన్ నాణ్యతతో పని లేదు, కీలను పోల్చగలిగితే చాలు. కీలు ఎలాంటివి వచ్చినా వెతుకులాటలో పోలికల సంఖ్య లాగ్ పరిమితిని (కీలు రెట్టింపైతే సుమారు ఒక్క పోలికే పెరిగే హద్దును) దాటదు. పైగా కీలు ఎల్లప్పుడూ క్రమంలో ఉంటాయి. కాస్త వేగం కోసం ఇవన్నీ వదులుకోవడం సబబేనా?

మంజీర

సబబే. అది కాస్త వేగం కాదు. 10 లక్షల కీలున్న సమతుల ద్విశాఖ వృక్షంలో ఒక పదాన్ని వెతకడానికి దాదాపు 20 పోలికలు కావాలి. ఫిల్ బాగ్‌వెల్ 2001లో వివరించిన హ్యాష్ ట్రైలో నోడ్‌కు 32 కొమ్మలుంటాయి కనుక నాలుగైదు మట్టాల్లో పని ముగుస్తుంది. క్లోజర్ భాష తన మ్యాపులకు ఈ నిర్మాణాన్నే ఎంచుకుంది. స్కాలా భాష 2.13 వెర్షన్ దీనికే మెరుగైన రూపమైన చాంప్‌ను స్వీకరించింది.

తెలుగు కీలతో వృక్షానికి ఇంకో ఇబ్బంది ఉంది. కిందికి దిగేకొద్దీ ఎదురయ్యేవన్నీ మనం వెతికే పదానికి ఇరుగుపొరుగు పదాలే. "ప్రభుత్వానికి" కోసం వెళ్తుంటే "ప్రభుత్వాన్ని", "ప్రభుత్వాలు" తగులుతాయి, ప్రతిసారీ ఉమ్మడి భాగమంతా దాటాకే తేడా బయటపడుతుంది. హాస్కెల్‌లో పాఠ్యాన్ని ఉంచే టెక్స్ట్ లైబ్రరీ 2.0 నుంచి, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతికి మారింది. అందులో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. వాటిలో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండే విలువల్లో ఒకటి. హ్యాష్ అయితే పదం మీదుగా ఒక్కసారి నడిచి ఊరుకుంటుంది.

బైటులెక్క

మంజీర గారు వేగం గురించి చెప్పినదానితో ఏకీభవిస్తాను గానీ, చూపిన కారణంతో కాదు. "ప్రభుత్వ" అనే భాగం 8 సంకేతాలు, అంటే 24 బైట్లు. ఆధునిక ప్రాసెసర్‌కు ఇది మూడు మెషీన్ వర్డ్‌ల (8 బైట్ల గుంపుల) పోలిక, లెక్కలోకి రాదు. అసలు ఖర్చు మెమరీలో అటూ ఇటూ గెంతడంలో ఉంది. వృక్షంలో ఒక్కో పోలికకు ముందు నోడ్‌ను, తరవాత అది చూపే టెక్స్ట్ పెట్టెను, ఆపైన దాని వెనకున్న బైట్ల అరేను తాకాలి. పై మట్టాలు క్యాష్‌లో (ప్రాసెసర్ పక్కనుండే వేగవంతమైన చిన్న మెమరీలో) దొరకవచ్చు, కింది మట్టాలు దొరకవు. ట్రైలో దారి పొడవునా కీని తాకనే తాకము, ఆకు దగ్గర ఒక్కసారి పోల్చితే సరిపోతుంది.

ఇక మెమరీ. 64 బిట్ల యంత్రంలో డేటా.మ్యాప్ నోడ్ ఒక్కటి 6 మెషీన్ వర్డ్‌లు: హెడర్, పరిమాణం, కీ, విలువ, ఎడమ, కుడి. అంటే 48 బైట్లు. 24 బైట్ల పదానికి టెక్స్ట్ పెట్టె 4 వర్డ్‌లు, బైట్ల అరే హెడరూ పొడవుతో కలిపి 5 వర్డ్‌లు, మొత్తం 72 బైట్లు. సంఖ్య పెట్టె మరో 16. సగటు పదం అంతే ఉందనుకుంటే 10 లక్షల పదాలకు 136 మెగాబైట్లు అవుతాయి, అందులో మ్యాప్ అస్థిపంజరానిది 48 మాత్రమే. హ్యాష్‌మ్యాప్ ఆకులో హ్యాష్ విలువను కూడా దాచాలి, పై మట్టాల అరలు దానికి అదనం. కాబట్టి మెమరీ తగ్గుతుందని ఎవరైనా మ్యాప్ మార్చమంటే నమ్మకండి, సగానికి మించి బరువు కీలదే.

మన చర్చ మ్యాపుల మీదే తిరుగుతోంది గానీ, ఇలాంటి ప్రోగ్రాముల్లో మెమరీని నిజంగా మింగేవి వేరే. టెక్స్ట్‌ను పదాలుగా విడగొడితే ఏ పదానికీ సొంత బైట్లుండవు, ప్రతి ముక్కా మూల పాఠ్యపు అరేలోకి చూపే కిటికీ మాత్రమే. ఒక వ్యాసంలోంచి ఒక్క అరుదైన పదం మ్యాప్‌లో చేరినా ఆ వ్యాసమంతా మెమరీలోనే ఉండిపోతుంది. కొత్త పదాన్ని చేర్చేటప్పుడు టెక్స్ట్.కాపీ పిలిస్తే అది విడిపోతుంది, నేను వేసిన 72 బైట్ల లెక్క అలా కాపీ చేసిన కీలకే వర్తిస్తుంది. అలాగే లేజీ మ్యాప్‌లో (విలువలను అవసరమయ్యేదాకా లెక్కకట్టని మ్యాప్‌లో) ఇన్సర్ట్‌విత్ ఫంక్షన్‌తో కూడుతూ పోతే "మరియు" లాంటి పదం దగ్గర సంఖ్యకు బదులు చేయని కూడికల గొలుసు పేరుకుంటుంది. విలువను వెంటనే లెక్కకట్టే డేటా.మ్యాప్.స్ట్రిక్ట్ వాడడం ఇక్కడ ఐచ్ఛికం కాదు. పైగా హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ అలవాటుగా వాడే గార్బేజ్ కలెక్టర్ (అక్కర తీరిన మెమరీని ఖాళీ చేసే భాగం) బతికున్న డేటాను కొత్త చోటికి నకలు చేస్తుంది. పెద్ద సేకరణ జరిగే క్షణంలో 136 మెగాబైట్లకు రెట్టింపు స్థలం కావాలి. 8.10 వెర్షన్‌తో వచ్చిన కదలించని కలెక్టర్‌ను ఎంచుకుంటే పాత తరానికి (చాలాసేపటి నుంచి బతికున్న డేటాకు) ఆ నకలు తప్పుతుంది.

శ్రావణమేఘం

ఎర్లాంగ్ భాష వైపు నుంచి ఒక చిన్న మాట. దాని విడుదల ఓటీపీ 18 నుంచి 32 కీల వరకు ఉన్న మ్యాపును వరుస అరలుగానే ఉంచి, అది దాటితేనే హ్యాష్ ట్రైగా మారుస్తారు. విలువలు మాత్రమే మారితే చిన్న మ్యాపులు కీల టపుల్‌ను (కీల వరుసను) పంచుకుంటాయి కూడా. సాధారణ ప్రోగ్రాముల్లో మ్యాపులు ఎక్కువగా చిన్నవే కనుక, ఎప్పటికీ ఒకటే మ్యాప్ మంచిదన్న తీర్పు లక్షల కీల ఉదాహరణతో ఇవ్వకూడదు.

అక్షరమాల

ఒప్పుకుంటాను, కానీ మా పని లక్షల కీలదే. బైటులెక్క గారూ, చేర్చడంలో కూడా ట్రై నెగ్గుతుందా? పాత మ్యాప్‌ను మార్చకూడదు కనుక మార్పు జరిగిన ప్రతిసారీ వేరు నుంచి ఆకు దాకా దారిని నకలు చేయాలి కదా.

బైటులెక్క

అక్కడ దాదాపు సమానమే. 10 లక్షల కీల వృక్షంలో దారికి సుమారు 20 నోడ్‌లు, 48 చొప్పున 960 బైట్లు. ట్రైలో నాలుగు మట్టాలే అయినా ఒక్కో అరేలో 32 పాయింటర్ల దాకా, అంటే 256 బైట్లు ఉండవచ్చు, మొత్తం ఒక కిలోబైటుకు అటూ ఇటూ. వెడల్పు పెరిగితే వెతకడం చౌక అవుతుంది, ఒక్కో మట్టం నకలు ఖరీదవుతుంది. పదాల లెక్కలో అధిక భాగం ఉన్న పదానికే ఒకటి కలపడం కాబట్టి, విలువ స్థానంలో ఎస్‌టీ మోనాడ్‌లోని (ఫంక్షన్ లోపలే మార్పులకు చోటిచ్చే హాస్కెల్ సదుపాయంలోని) మార్చదగిన గడిని ఉంచితే కొత్త పదం వచ్చినప్పుడు తప్ప దారి నకలు అక్కరలేదు. బయటివారికి ఆ ఫంక్షన్ స్వచ్ఛంగానే (బయట దేన్నీ మార్చనట్టే) కనిపిస్తుంది. దీన్ని ఫంక్షనల్ కాదని కొట్టిపారేసేవారితో నాకు వాదించే ఓపిక లేదు.

మంజీర

క్రమం గురించి కూడా తేల్చుకుందాం. వృక్షమిచ్చే క్రమం యూనికోడ్ క్రమం, నిఘంటువు క్రమం కాదు. యూనికోడ్‌లో ఱ అక్షరం ర వెంటనే వస్తుంది, బడి వర్ణమాలలో చివరన ఉంటుంది. ఎలాగూ మళ్లీ పేర్చాల్సిందే కదా!

అక్షరమాల

మాకు క్రమం అచ్చు వేయడానికి కాదు. లెక్క పూర్తయ్యాక "ప్రభుత్వ"తో మొదలయ్యే రూపాలన్నీ ఒక్కచోట చూపాలి. వృక్షంలో అవి పక్కపక్కనే ఉంటాయి, రెండు లాగ్ నడకలతో ఆ భాగాన్ని కోసి తీయవచ్చు. హ్యాష్‌మ్యాప్ మొత్తం గాలించాలి.

బైటులెక్క

అయితే రెండు దశలు రెండు నిర్మాణాలను కోరుతున్నాయి. లెక్క హ్యాష్‌మ్యాప్‌లో పెట్టండి, పూర్తయ్యాక జాబితాగా తీసి, పేర్చి, ఫ్రమ్‌డిస్టింక్ట్‌అసెండింగ్‌లిస్ట్‌తో వృక్షం కట్టండి. పేర్చిన జాబితా మీద ఆ మెట్టు సరళ కాలంలో (పదాల సంఖ్యకు అనులోమంగా) అవుతుంది. కీల పెట్టెలను రెండూ పంచుకుంటాయి కనుక మార్చే సమయంలో అదనంగా పడే ప్రధాన భారం వృక్షపు 48 మెగాబైట్లూ, ఆ జాబితా తాత్కాలిక సెల్‌లూ మాత్రమే. ఆ ఫంక్షన్ మీరిచ్చిన క్రమాన్ని సరిచూడదు. ఎవరైనా నిఘంటువు క్రమంలో పేర్చిన జాబితాను దానికి అందిస్తే ఏ లోపమూ చూపకుండా వృక్షం తయారవుతుంది, ఆ తరవాత ఱ ఉన్న పదాలను వెతికితే ఉన్నవి కూడా లేవనవచ్చు. పరీక్షల్లో వృక్షం క్రమం సరిగా ఉందో లేదో చెప్పే, డేటా.మ్యాప్‌లోని వ్యాలిడ్ ఫంక్షన్‌ను ఒకసారి పిలిచి చూసుకోండి.