కువైట్‌కు కొత్త: ఆజాద్ వీసా, కఫీల్, రిలీజ్ అంటే ఏంటన్నా?

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది రాజంపేట దగ్గర పల్లె. ఫర్వానియాలో మా ఊరివాళ్ల రూములో ఉన్నాను. ఏజెంటేమో ‘ఆజాద్ వీసా, ఎక్కడైనా పని చేసుకోవచ్చు’ అన్నాడు. అకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, 20వ నంబరు మీద కొట్టారు. అందులో ఎవరో కువైటీ పేరుంది, ఆయన ముఖం కూడా నేను చూడలేదు. రూములో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతుంటే టెన్షన్‌గా ఉంది. హోటల్లో పనికి రమ్మంటున్నారు, పోవచ్చా?

జవాబు

పోవద్దు తమ్ముడూ. ముందు ఆ పేరెవరిదో కనుక్కో. ఆయనే నీ కఫీల్, ఈ దేశంలో నీకు పూచీదారు. అకామా కొట్టించేది, రెన్యూవల్ చేసేది, వద్దనుకుంటే క్యాన్సిల్ చేసేది ఆయనే. ఏజెంటు ఎన్ని మాటలు చెప్పినా ఆ కాగితాల మీద అతని సంతకం చెల్లదు.

ఆజాద్ వీసా అనేది కువైట్ చట్టంలో ఎక్కడా లేదు. 18 అంటే కంపెనీ అకామా, 22 అంటే కుటుంబం, నీ 20 అంటే ఇంటి పని: డ్రైవరు, వంటమనిషి, ఖద్దామా (పనిమనిషి). ఎవరో తన ఇంటి పేరుతో వీసా తీసి, మనిషిని బయట వదిలేసి, ఏటా డబ్బు గుంజుతాడు. దానికే మనవాళ్లు ఆజాద్ అని పేరు పెట్టుకున్నారు. 20 మీద హోటల్లో పని చేస్తూ చెకింగ్‌లో దొరికితే వేలిముద్రలు తీసుకుని ఇంటికి పంపేస్తారు. 2025 జనవరి 5 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త రెసిడెన్సీ చట్టంలో వీసాలు అమ్ముకునేవాళ్లకు జైలు శిక్ష ఉంది. అయినా ముందు దొరికేది హోటల్లో గిన్నెలు కడుగుతున్న మన పిల్లోడే. నాకు బాధ అక్కడే.

రూములో ‘ఖల్లివల్లి అయిపో (కఫీల్‌ను వదిలి పారిపో), ఏం కాదు’ అనేవాళ్లుంటారు. వాళ్ల మాట వినొద్దు. కఫీల్ నీ మీద అబ్‌స్కాండింగ్ (పారిపోయాడని) కేసు పెట్టాడంటే అకామా పోతుంది, బతాకా (గుర్తింపు కార్డు) పనికిరాదు. ఇంటి దగ్గర ఎవరికైనా ప్రాణం మీదికొచ్చినా మామూలుగా టికెట్ కొనుక్కుని పోలేవు. అకామా లేనివాళ్లకు సర్కారు క్షమాభిక్ష వస్తుందిలే అని కూర్చోవద్దు. 2024లో మార్చి 17 నుంచి జూన్ నెలాఖరు దాకా ఇచ్చారు. మళ్లీ ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పలేరు.

ఇంకో ఇంటికి మారాలంటే కఫీల్ రిలీజ్ ఇవ్వాలి, అంటే నిన్ను వదలడానికి ఒప్పుకోవాలి. ‘20 నుంచి 18కి మార్చుకోవచ్చు’ అని కూడా నీకు చెప్పి ఉంటారు. 2024 జూలై నుంచి సెప్టెంబరు దాకా రెండు నెలలు ఆ అవకాశం ఇచ్చారు, 50 దినార్ల ఫీజుతో. ఆ కబురే ఇంకా రూముల్లో తిరుగుతోంది. దాన్ని నమ్మి ఎవరికీ డబ్బు కట్టకు.

ఇంకో జవాబు

అన్న చెప్పింది నిజం నాయనా. నేను సాల్మియాలో ఇంటి పనిలోనే ఉన్నా. మేము ఇంట్లో కఫీల్ అనం, ఇంటాయన్ని బాబా, ఇంటావిడను మామా అంటాం. మా మామా మంచిదే. కానీ వచ్చిన రోజే ‘జవాజ్ నా దగ్గర భద్రంగా ఉంటుంది’ అని పాస్‌పోర్టు తీసుకుని, బంగారం పెట్టే బీరువాలో పెట్టి తాళం వేసింది. మంచి మాటల్లోనే అడుగుతూ ఉంటే కొన్నాళ్లకు ఇచ్చింది. పనివాళ్లు ఒప్పుకోకుండా వాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని ఇంటి పనివాళ్ల కోసం 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టంలోనే ఉంది.

రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. జీతం ఆపితే ఆపిన ప్రతి నెలకూ 10 దినార్లు అదనంగా కట్టాలి. కాంట్రాక్టు పూర్తయితే ఏడాదికి ఒక నెల జీతం చొప్పున రావాలి. ఇవ్వకపోతే మేన్‌పవర్ అథారిటీలో (పనివాళ్ల సంగతి చూసే సర్కారు ఆఫీసు) ఇంటి పనివాళ్ల విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు. మన ఎంబసీలోనూ చెప్పుకోవచ్చు, దిక్కులేని ఆడవాళ్లకు అక్కడ షెల్టర్ కూడా ఉంది. ఇల్లు వదిలి పారిపోయే ముందు ఆ గడప తొక్కండి. నీకే కాదు, ఇది చదివే చెల్లెళ్లకు కూడా చెబుతున్నా.

ఇంకోటి, ఊరికి పోయినప్పుడు నాలుగు నెలలు దాటనివ్వకు, 20 అకామా పోతుంది.

మొదటి జవాబు ఇచ్చిన అన్న

ఫోన్‌లో కువైట్ సర్కారు వాళ్ల సహెల్ యాప్ పెట్టుకుని అకామా గడువు చూసుకో. ఆ కువైటీ ఇల్లు, ఫోన్ నంబరు ఏజెంటును నిలదీసి కనుక్కో. అరబ్బీ రాదని వెనకాడకు, శుక్రవారం నాకు ఖాళీయే, ఇద్దరం కలిసి పోయి మాట్లాడదాం.