మెక్సికోలో చనిపోయినవారి కోసం అలంకరించే బల్ల గురించి తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న (అంబర్‌పేట నుంచి):
మా అమ్మ పోయి ఏడాది దాటింది. మొన్న పెత్రమాస నాడు ఆమె పేరిట బియ్యం ఇచ్చి, ఆమెకు ఇష్టమైన గారెలు వండి, ఫోటో ముందు ఆమె రోజూ తాగే సొట్టపడిన స్టీలు గ్లాసులోనే నీళ్లు పెట్టాం. నవంబరు మొదట్లో, మెక్సికోలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు తాను అద్దెకుంటున్న ఇంటివారు తమ పెద్దావిడ కోసం అలంకరించిన బల్ల ఫోటో పంపాడు. దాని నిండా బంతిపూలు, ఆవిడ ఫోటో పక్కన గ్లాసెడు నీళ్లు, గిన్నెలో ఉప్పు. ఆ గ్లాసు చూశాక నాకు కన్నీళ్లు ఆగలేదు. వీటి అర్థం ఏమిటి?

జవాబు (తార్నాక నుంచి):
స్పానిష్ చదువుకునే రోజుల్లో మా అధ్యాపకురాలు ఈ బల్లను స్వయంగా అలంకరించి చూపించారు. దీన్ని ఒఫ్రెండా అంటారు. 'చనిపోయినవారి రోజు' (డియా దె లోస్ ముయెర్టోస్) అనే పండుగకు పెడతారు. చనిపోయినవారిలో పిల్లలు నవంబరు 1న, పెద్దలు 2న ఇంటికి వస్తారని నమ్మకం. దూరం నుంచి వచ్చినవారికి దాహం వేస్తుంది కనుక నీళ్లు పెడతారు. ఉప్పు శుద్ధి కోసం. మన సాంబ్రాణిలాగే అక్కడ కోపాల్ అనే చెట్టు బంక ధూపం వేస్తారు. వీధి గుమ్మం నుంచి బల్ల దాకా బంతి రేకులు దారిగా పరుస్తారు. ఆ రంగూ వాసనా పట్టుకుని వారు ఇల్లు చేరుకుంటారట. పైన ఎముకల ఆకారాలు తీర్చిన గుండ్రని రొట్టె కూడా ఉంటుంది. ఈ పండుగను హాలోవీన్‌తో కలిపి మాట్లాడటం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఇందులో దయ్యాల భయం లేదు, వచ్చేది సొంతవాళ్లే. యునెస్కో 2008లో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

జవాబు (మెహదీపట్నం నుంచి):
బంతిపూలు మనవే అనుకుంటాం కానీ, నిజానికి మెక్సికోవారివే మనకు వచ్చాయి. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో గుట్టలుగా పోసే ముద్దబంతికి పుట్టిల్లు మెక్సికో. అక్కడ సెంపసూచిల్ అంటారు. అక్కడి ఆదివాసుల నాహువాత్ల్ భాషలో 'ఇరవై పూలు' అని, అంటే రేకులు చాలా ఉన్నదని. పెత్రమాస నాడే మొదలయ్యే బతుకమ్మలో మనం పేర్చే పూలలో అదీ ఒకటి.

జవాబు (నారాయణగూడ నుంచి):
మాది క్రైస్తవ కుటుంబం. నవంబరు 2న ఇక్కడి శ్మశానవాటికలో సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. మెక్సికోలో పాట్స్‌కువారో సరస్సులోని హానిట్సియో దీవిలో ఆ రాత్రంతా సమాధుల దగ్గరే కూర్చుంటారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. బల్ల మీది వంటకాలను తరువాత ఏం చేస్తారు?

జవాబు (తార్నాక నుంచి):
ఇంటివారే తింటారు. మనం కాకి ముట్టేదాకా ఎదురుచూస్తాం. అక్కడ వచ్చినవారు వాసనను, సారాన్ని తీసుకున్నారని భావించి మిగిలినది ఇంటిల్లిపాదీ పంచుకుంటారు.