డెబ్బై దాటాక బీపీకి మాత్రా, నడకా?

విశ్రాంత మాస్టారు:
నా వయసు 72. పై అంకె 150 దాటిందని డాక్టరుగారు టెల్మిసార్టాన్ 40 రాశారు. 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ప్రచురించిన విశ్లేషణ మనుషులపై జరిపిన 391 చికిత్సా పరీక్షలను పరిశీలించి, బీపీ ఎక్కువగా ఉన్నవారిలో వ్యాయామం చాలా మందులతో సమానంగానే పని చేస్తుందని చెప్పింది. మరి జీవితాంతం మాత్ర ఎందుకు మింగాలి?

కృష్ణాతీరం:
మాస్టారూ, ఆ 391లో వ్యాయామాన్నీ మందునూ నేరుగా పోల్చిన పరీక్ష ఒక్కటీ లేదు. మందులు ఆపమని చెప్పడానికి ఇది చాలదని ఆ రచయితలే హెచ్చరించారు. అయినా అంకె తగ్గడం వేరు, ప్రాణం నిలవడం వేరు. 80 ఏళ్లు పైబడిన 3,845 మందితో జరిపి 2008లో ఫలితాలు వెల్లడించిన హైవెట్ అనే పరీక్షలో, ఇండపమైడ్, అవసరమైనచోట పెరిండోప్రిల్ అనే బీపీ మందులు వాడినవారిలో మరణాలు 21 శాతం తగ్గాయి. నడకకు అంతటి రుజువు ఉంటే చూపండి.

పెద్దాపురం పిన్ని:
మోకాళ్లు అరిగినవాళ్లు ఎలా నడవాలో కూడా చెప్పండి నాయనా.

విశ్రాంత మాస్టారు:
నడవనక్కరలేదమ్మా. గోడకు వీపు ఆనించి, కుర్చీలో ఉన్నట్టు కాళ్లు వంచి నిలిచే వ్యాయామం వంటివి పై అంకెను సగటున 8 వరకూ తగ్గిస్తాయని 2023 నాటి విశ్లేషణ చెబుతోంది.

కృష్ణాతీరం:
అరిగిన మోకాళ్లతో గోడకుర్చీయా! ఆ నొప్పికి రోజూ మింగే డైక్లోఫెనాకే బీపీని పెంచుతుంది. మా నాన్నగారు కూడా ‘నడుస్తున్నాను కదా’ అని ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేశారు. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయింది; ఇప్పుడు అన్నం మేమే కలిపి పెడుతున్నాం.

విశ్రాంత మాస్టారు:
మీ నాన్నగారి విషయం బాధాకరమే. కానీ మాత్ర మొదలుపెట్టాక నేను తెల్లవారుజామున మంచం దిగుతూ కళ్లు తిరిగి పడ్డాను. ఆ సంగతి చెప్పినా డాక్టరు నన్ను నిలబెట్టి బీపీ చూడలేదు, మోతాదు గురించి మాట్లాడలేదు. ఇంటికొస్తే మా అబ్బాయి డబ్బాలో మాత్రలు లెక్కపెడుతున్నాడు. నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, నా ఒంటి సంగతి నన్ను ఒక్కమాట అడగరా?

కృష్ణాతీరం:
అడిగితే మానేస్తానంటారు! మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టేది లెక్కపెట్టే ఆ అబ్బాయే కదా.

పెద్దాపురం పిన్ని:
మాస్టారూ, మాత్ర మీ అంతట మీరు ఆపకండి. కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూడమని అడగండి. నిలబడ్డాక పై అంకె 20 మేర తగ్గితే మందు మార్చాలో, మోతాదు తగ్గించాలో డాక్టరే చూస్తారు. అబ్బాయిని కూడా వెంట తీసుకెళ్లండి, కానీ మాట్లాడేది మాత్రం మీరే.